తెల్ల వైరు

14 జూలై 2025

నానాకు సలాం.

షుగర్ మాత్రలు వేసుకుంటున్నావా అని నీ కూతురు, అదే మా అమ్మ, అడగమంది, అడిగాను. ఇక నా సంగతి విను. అసలే నీకు సరిగ్గా వినబడదు, ఫోన్ చేస్తే "గాలి వస్తాంది గానీ మాట రావడంలే" అంటావు కాబట్టి ఇంత కథా కాగితం మీదే రాయాలి. చెయ్యి నొప్పి పుడితే పూచీ నీదే.

నా బండి పోయింది. దొంగలు ఎత్తుకుపోలేదు, మా పంచాయతీ ఎత్తుకుపోయింది.

పోయిన మంగళవారం పాలకేంద్రం మలుపులో వెంకటేష్ ఛార్జింగ్ బండి కాశమ్మ అవ్వను గుద్దింది. అవ్వ గొర్రెలకు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. తొడ ఎముక విరిగింది. మార్కాపురంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. "చప్పుడన్నా చెయ్యలేదమ్మా, ఎనకనుంచి పిల్లి మాదిరి వచ్చినాది" అని అవ్వ అందరికీ చెబుతోంది. వెంకటేష్ నీకు గుర్తుండాలి. ఇంటర్ రెండో సంవత్సరం. రంజాన్ పండగకు వచ్చినప్పుడు నువ్వు మన వాకిట్లో మంచం మీద కూర్చుని ఊళ్ళో బండ్లకు బ్రేకులు చూసిపెట్టావు కదా, వాటిలో ఆకుపచ్చది వాడిదే.

రెండో రోజు మైకు ఆటో తిరిగింది. "పద్దెనిమిదేండ్లు నిండని పిల్లకాయలు ఎవురూ ఛార్జింగ్ బండి ఎక్కగూడదు, ఎక్కితే బండి పంచాయతీలో పెడతాం, ఇది తీర్మానం." తెల్లారి నేను కాలేజీకి పోతుంటే ఊరి మొగదల ఆపారు. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు వరండాలో ఏడు బండ్లు ఒకే గొలుసుకు కట్టేసి ఉన్నాయి. ఆరు మగపిల్లలవి, ఒకటి నాది.

సర్పంచి ఆనంద్ బాబు మామను అడిగాను. "మామా, ఇరవై అయిదు వేగం దాటని బండికి సర్కారే లైసెన్సు అడగదు. నన్ను ఆపేదానికి మీరెవరు?" అని. ఆయన నవ్వి, "మాటలు బాగా నేర్చినావు, ఇంటికి పోమ్మా" అన్నాడు. నానా, నాకు ఒళ్ళు మండిపోయింది.

నా నడపడం నీకు తెలియనిదా? హ్యాండిల్ దగ్గర ఒకటి, రెండు, మూడు అని నంబర్లుంటాయి. ఒకటో నంబరు దాటనని బండి కొన్న రోజే అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఇవాళ్టిదాకా దాటలేదు. మూడులో పెట్టినా ఇరవై అయిదే వస్తుందని షోరూమ్ ఆయన చెప్పాడు, నేను చూసింది కూడా లేదు.

కంభంలో కాలేజీ తొమ్మిదింటికి. మా ఊరికి బస్సు వచ్చేది పదీ ఇరవైకి. "ఈ సంవత్సరం ఇంట్లో కూచో, పరీక్షకు ప్రైవేటుగా కడుదువులే" అంటున్నాడు నాన్న. కూర్చోను. పంచాయతీ సెక్రటరీ వందన మేడంకు అర్జీ రాస్తున్నాను. మెకానిక్ గా నువ్వు రెండు ముక్కలు చెప్పు, అందులో రాస్తాను.

నీ ముబ్బీ


గిద్దలూరు
18 జూలై 2025

ముబ్బీకి దువాలు.

నీ ఉత్తరం సగం చదివి లేచి నిలబడ్డాను. ఆనంద్ బాబు నా మనవరాలి బండి పట్టుకుంటాడా! వాళ్ళ నాయనకు మోపెడ్ నేర్పింది నేను. స్టాండు తీయకుండానే ఎక్కి, ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకుని పావుగంట కూర్చుని, "మౌలన్నా, ఊరు దాటినామా?" అని అడిగిన మనిషాయన. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళు ఇప్పుడు బండ్ల మీద తీర్మానాలు చేస్తున్నారు.

ఇందులో మీ నాన్న నౌషాద్ చెయ్యి ఉందని నా అనుమానం. బండి కొన్ననాడే మొహం మాడ్చుకున్నాడు. ఆడపిల్ల కంభం దాకా ఒంటరిగా పోతోందని లోపల కుములుతూ ఉన్నాడు, ఇప్పుడు సందు దొరికింది. మేకల బేరం చేసీ చేసీ ఆయనకు అందరినీ తాడుతో కట్టేయడం అలవాటైంది. ఈ మాట నేనన్నానని చెప్పు, నాకేం భయం లేదు.

అర్జీ రాయి. బస్సు గురించి రాయి, చదువు గురించి రాయి. బండి వేగం జోలికి మాత్రం పోవద్దు. నడిపి చూస్తాం, పరీక్ష పెడతాం అంటే ఒప్పుకోవద్దు. ఎందుకని అడగవద్దు, పెద్దవాణ్ణి చెబుతున్నాను. అంత రచ్చ ఎందుకు, గిద్దలూరు వచ్చేయి. ఇక్కడ కాలేజీ మనింటికి నాలుగు అడుగులు, బండీ అక్కర్లేదు, గొడవా అక్కర్లేదు.

కాశమ్మ ఎట్లా ఉంది? వెంకటేష్ ఏమైనా చెప్పాడా? ఈసారి ఉత్తరంలో ముందు అది రాయి, తర్వాత నీ తగాదా.

మీ నానా
మౌలా సాహెబ్


23 జూలై 2025

నానాకు సలాం.

ముందు అదే రాస్తున్నాను. కాశమ్మ అవ్వ ఇంటికి వచ్చింది. మంచం, వాకర్, మళ్ళీ మంచం. గొర్రెలను వాళ్ళ మరిది అమ్ముతానంటుంటే గొంతు పోయేట్టు అరుస్తోంది. వెంకటేష్ ఏమీ చెప్పడు. వాళ్ళ నాయన కొట్టాడట. ఎదురుపడితే తల దించుకుని పక్క సందులోకి పోతాడు.

ఇప్పుడు నా తగాదా. అది నీతోనే.

గిద్దలూరు వచ్చేయమంటావా? బండి వదిలేసి, తల వంచుకుని? నాన్న ఇంట్లో కూచోమన్నాడు, నువ్వు నీ ఇంట్లో కూచోమన్నావు, అంతే తేడా. ఏడేళ్ళప్పుడు నా చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టి, దాని కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగు అరిగిందో చెప్పమన్నది ఎవరు? ఇప్పుడు పరీక్ష అనేసరికి నేను పడిపోతానని భయమా? నీకు కూడా నా మీద నమ్మకం లేదని తెలిశాక రెండు పూటలు అన్నం తినబుద్ధి కాలేదు.

నాన్న మీద నీ అనుమానం ఉత్తదే. తిట్టుకుంటూనే పొద్దున్నే మేకల ఆటోలో నన్ను కాలేజీ దగ్గర దింపుతున్నాడు. ఆ వాసనకు క్లాసులో నా బెంచీ మీద నా స్నేహితురాలు రేణుక తప్ప ఎవరూ కూర్చోవడం లేదు. ఆయన పొదిలి సంతకు పోయే రోజు అదీ లేదు, ఆ రోజు కాలేజీ నాగా.

నీ ఉత్తరం రాకముందే అర్జీ ఇచ్చేశాను. అందులో ఏం రాశానో విను. "నా బండి గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటదు. నమ్మకపోతే ఊరందరి ముందు నడిపించి చూసుకోండి. దాటితే తాళంచెవి నేనే మీ చేతికిచ్చి మళ్ళీ అడగను." వందన మేడం రెండుసార్లు చదివి, "ఇది న్యాయంగా ఉందమ్మా" అన్నారు. ఆగస్టు మూడు, ఆదివారం పరీక్ష. వెంకటేష్ బండి ఎందుకంత ఉరికిందో నాకు తెలియదు, వాడి కంపెనీ అబద్ధం చెప్పి ఉంటుంది. నాది అట్లాంటి బండి కాదు.

నువ్వు రావాలి. వచ్చి చూడు, పడతానో లేదో.

నీ చేతికింద పెరిగిన మెకానిక్
ముబ్బీ


గిద్దలూరు
30 జూలై 2025

బేటా ముబ్బీ,

మూడు కాగితాలు చించి నాలుగోదాని మీద రాస్తున్నాను. నాలుగు రోజులు తాత్సారం చేశాను, అది కూడా నా తప్పే.

నీకు నడపడం రాదని కాదు పరీక్ష వద్దన్నది. పండగ రోజు నేను బ్రేకులు చూడలేదు. ఒక్క బండికీ చూడలేదు. సీటు కింద కంట్రోలర్ డబ్బా నుంచి ఒక తెల్ల వైరు చుట్టు తిరిగి మళ్ళీ డబ్బాలోకే పోతుంది. ఆ చుట్టు ఉన్నంతసేపు బండి ఇరవై అయిదు దాటదు. దాన్ని కోసి టేపు చుట్టేస్తే బండి దాని ఇష్టం. ఆ రోజు మన వాకిట్లో అయిదు బండ్లకు కోశాను. మొదటిది వెంకటేష్ ది. "తాతా, ముసలోళ్ళ సైకిళ్ళు గూడా దాటిపోతాండాయి" అని వాడు అడిగాడు, నేను నవ్వుతూ కత్తెర తీశాను. మీరంతా లోపల సేమియా పనిలో ఉన్నారు. ఊరి పిల్లలకు చేసి నా మనవరాలికి చేయకపోతే ఎట్లా అని, ఆరోది నీ బండికి కోశాను. నీకు చెబితే మీ అమ్మకు చెబుతావని చెప్పలేదు.

యాభై ఏళ్ళు నా దుకాణానికి వచ్చిన ప్రతివాడూ "అన్నా, బండి లాగడంలే" అనే వచ్చాడు. "అన్నా, మెల్లగా పోయేట్టు చెయ్యి" అని ఒక్కడూ రాలేదు. ఆ తెల్ల వైరు చూడగానే కంపెనీవాడు మనకు అమ్మిన వస్తువుకు వాడే ముడి వేసి పెట్టుకున్నాడనిపించింది. విప్పి చూపిస్తే పిల్లలు ఈలలు వేశారు. నాకు ఈలలు వినబడలేదు గానీ వాళ్ళ పెదాలు కనబడ్డాయి. చాలా రోజులైంది బేటా, నా చుట్టూ అట్లా జనం చేరి.

ఆ బండ్ల బ్రేకులు ఇరవై అయిదుకే సరిపోతాయి. నాకది తెలుసు. తెలిసే కోశాను. నీ మొదటి ఉత్తరం చదివిన రోజు నుంచి కాశమ్మ కాలు నా కళ్ళముందే ఉంది.

ఆదివారం బండి మూడో నంబరులో పెట్టవద్దు, ఒకటి దాటవద్దు. ఈ కాగితం చించేయి. ఎవరైనా అడిగితే కంపెనీ నుంచే అట్లా వచ్చిందని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?

నానా


4 ఆగస్టు 2025

మౌలా సాహెబ్ గారికి,

మీ ఉత్తరం ఈరోజు, సోమవారం, పదకొండు గంటలకు అందింది. పరీక్ష నిన్ననే అయిపోయింది.

ఎట్లా జరిగిందో రాస్తాను. ఊరంతా రోడ్డుకు రెండు పక్కలా నిలబడింది. పక్కన వందన మేడం తన స్కూటీ మీద, మీటరు చూడడానికి. "మూడో నంబరులో పెట్టమ్మా" అన్నారు. అమ్మ వైపు చూస్తే తల ఊపింది. పెట్టాను. నానా, బండి నా చేతుల్లోంచి దూకింది. బ్రేకు పడితే ఆగలేదు, ఈడ్చుకుంటూ పోయి కంకర మీద ఆగింది. నేను పడలేదు. అంతవరకు సంతోషించండి. మేడం మీటరు నలభై ఆరు.

ఆ అంకె మేడం గట్టిగా చదివి చెప్పారు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి. "ఇరవై అయిదంట, ఇరవై అయిదు!" అని చిన్నపిల్లలు కూడా. అర్జీలో రాసింది నేనే కాబట్టి తాళంచెవి నేనే తీసి ఆనంద్ బాబు మామ చేతిలో పెట్టాను. ఒకటో నంబరు దాటనిదాన్ని ఒక్కదాన్నే ఉన్నాను ఈ ఊళ్ళో, నేనే అబద్ధాలకోరునయ్యాను. అమ్మ అయితే నేను రోజూ మూడులోనే పోయేదాన్నని అనుకుంటోంది. తల మీద వేసిన ఒట్టు తప్పానని రాత్రి నుంచి నాతో మాట్లాడడం లేదు.

తెల్లారి కాలేజీకి పోబుద్ధి కాలేదు, ఇంట్లో ఉండగానే మీ ఉత్తరం వచ్చింది.

వెంకటేష్ ఇంటికి పోయి చూపించాను. వాడు ఏడ్చాడు. "అడిగింది నేనే. తాత పేరు బయటికి ఎట్ల తీసేది, పండగ పూట మీ ఇంట్లో సేమియా తిని?" అన్నాడు. మీ పేరు కాపాడటానికి వాడు దెబ్బలు తిన్నాడు. మీరేమో కంపెనీ మీద తోసేయమంటున్నారు. తొయ్యను. చించమన్న కాగితం చించలేదు, ఫిజిక్స్ పుస్తకంలో పెట్టాను.

పదిహేనో తారీకు జెండా ఎగరేశాక గ్రామసభ ఉంది. రండి. కోసిన చేత్తోనే కలపండి. నోటితో ఊరికి చెప్పండి, కాశమ్మ అవ్వకు చెప్పండి. రాకపోతే మీ ఉత్తరం నేనే మైకులో చదువుతాను. నాన్నకూ అమ్మకూ ఇంకా చెప్పలేదు, అది కూడా మీరే చెప్పాలి.

ఇంకొకటి. తప్పు వైరుదని తేలింది కదా అని నేను ఊరుకోను. తీర్మానం మీద కూడా అదే సభలో మాట్లాడతాను. కోసిన బండ్లను పట్టుకోండి, మమ్మల్ని కాదు అంటాను.

ముబాషిరా


గిద్దలూరు
9 ఆగస్టు 2025

ముబాషిరాకు,

వస్తున్నాను. టంకం వేసే కడ్డీ, సీసం, టేపు సంచిలో పెట్టుకున్నాను. బస్టాండుకు ఎవరూ రావద్దు.

నువ్వు బెదిరిస్తే వస్తున్నానని అనుకోవద్దు. మౌలా సాహెబును బెదిరించినవాడు గిద్దలూరులో ఇంకా పుట్టలేదు. నాకు భయం లేదు, సిగ్గుగా ఉంది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో పదహారేళ్ళ పిల్ల నాకు "గారు" అని రాసింది. ఆ ఒక్క మాటకు రెండు రాత్రులు నిద్ర లేదు.

పోలీసులకు పట్టిస్తామంటే పట్టించనీ. ముందు ఆరు బండ్లూ కలుపుతాను, ఆ తర్వాతే జీపెక్కుతాను. అది మాత్రం వాళ్ళకు ముందే చెప్పి పెట్టు.

మౌలా సాహెబ్


22 ఆగస్టు 2025

నానాకు,

ఇంకా కోపంగానే ఉన్నాను. కానీ ఆ రోజు నీకు ఒక్క ముక్కా వినబడలేదు కాబట్టి ఎవరేమన్నారో రాయాలి. బస్సు ఎక్కుతూ అడిగావు, "తర్వాత రాస్తాలే" అని సైగ చేశాను.

నువ్వు మైకు పట్టుకున్నప్పుడు మైకు అక్కర్లేదనిపించింది, అంత గట్టిగా అరిచావు. "తెల్ల వైరు కోసింది నేను. వెంకటేష్ కు తెలియని వయసు, నాకు తెలిసిన వయసు" అన్నావు. ఆ తర్వాత సంచి విప్పి వరండాలో కూర్చుని బండ్లకు టంకం వేస్తూ పోయావు. నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. వెంకటేష్ వాళ్ళ నాయన నీ మీదికి వచ్చాడు. మా నాన్న అడ్డం నిలబడి, "మా మామ తప్పు చేసినాడు, చెప్పుకుంటాండాడు. చేసి చెప్పుకోనోళ్ళు ఉంటే వాళ్ళ మీదికి పో" అన్నాడు. అవును, నువ్వు తిట్టిన మేకల నౌషాదే. ఆనంద్ బాబు మామ మాత్రం వదలలేదు. "ఈయప్ప ఇయ్యాల కలిపిపోతాడు, రేపు ఇంకోడు వచ్చి కోస్తాడు. అందుకే అసలు పిల్లకాయలు ఎక్కనే గూడదు" అన్నాడు. సగం మంది చప్పట్లు కొట్టారు.

నేను లేచాను. మైకు అందుకున్నాను. "కలిపిన చోట ఎర్ర గోళ్ళరంగు పూద్దాం. కోస్తే పగిలి కనబడుతుంది. పదహారు నిండనివాళ్ళు ఎక్కొద్దు. నిండినవాళ్ళు హెల్మెట్ పెట్టుకుని ఒక్కరే పోవాలి, మలుపులో హారన్ కొట్టాలి. నెలకొకసారి ఇదే వరండాలో ఊరి బండ్లన్నీ చూడాలి, పెద్దవాళ్ళవి కూడా" అన్నాను. "ఎవురు చూస్తారు?" అన్నాడు మామ. "నేను చూస్తా" అన్నాను. "ఆడపిల్ల వైర్లు చూస్తాదంట!" అని ఎవరో వెనకనుంచి నవ్వారు.

సరిగ్గా అప్పుడే నువ్వు వెనక్కి తిరిగి, కాలే కడ్డీ నా వైపు చాపి, "ఆరోది నీ బండి, నువ్వే కలుపు" అని అరిచావు. నీకు ఏదీ వినబడలేదని నాకు తెలుసు, ఊరికి తెలియదు. నేను కూర్చుని కలిపాను. నవ్వినాయన ముందుకు వంగి చూశాడు. వందన మేడం తన బ్యాగులోంచి గోళ్ళరంగు తీసిచ్చారు. మళ్ళీ నడిపాను, మూడో నంబరులో. ఇరవై నాలుగు. మేడం రాసుకున్నారు, మామ తాళంచెవి ఇచ్చాడు. నేను చెప్పిన పద్ధతే దసరా దాకా పెట్టి చూస్తారట, ఒక్క వైరు తెగినా పాత తీర్మానమే. తెగనివ్వను. అమ్మ నాతో మాట్లాడింది, నీతో మాట్లాడడానికి ఇంకొంచెం టైం పడుతుందట.

ఇక కాశమ్మ అవ్వ. కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు కదా, నువ్వు పని చేసినంతసేపూ అవ్వ నిన్ను తిడుతూనే ఉంది. నువ్వేమో తలెత్తి చూసి, నవ్వి, దణ్ణం పెట్టావు. దాంతో ఇంకా రెచ్చిపోయింది. నిన్న కాలేజీ నుంచి వస్తుంటే అరుగు మీద నుంచి పిలిచి, "కాగితం కలం తీ" అంది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నాకేం సంబంధం లేదు.

"ఏమయ్యా సాయిబూ, నేను తిట్టిన తిట్లన్నీ గాల్లో పోయినాయంట గదా. అందుకే ఈ పిల్లతో రాయిస్తాండా, కండ్లద్దాలు పెట్టుకోని చదువుకో. నా కాలు ఇరగ్గొట్టింది ఆ పిల్లోడు గాదు, నువ్వు. మూడు నెల్లు మంచంలో ఉండమన్నారు. గొర్రెలు ఎవురు మేపాల? నువ్వొచ్చి మేపుతావా? పొద్దున ఆ పిల్లోడే తోలకపోతాండాడు, వానికి చేతగాదు, రెండు తప్పిపోయి సాయంత్రానికి వచ్చినాయి. యాభై ఏండ్లు బండ్లు చేసినాడంట, పేద్ద మేస్త్రీ! ఈ పిల్ల రోజూ నా ముందర నుంచే పోతాంది. మలుపులో హారన్ కొడతాంది, ఊరకుండమన్నా కొడతాంది. అది బాగుండాది.

ఇంగో సంగతి. ఆస్పత్రోళ్ళిచ్చిన వాకర్ కు నాలుగు కాళ్ళు, రెండిటికి అడుగున రబ్బర్లు ఊడినాయి. బండల మీద జారతాంది. నువ్వు తొందరగా ఒకసారి వచ్చి రబ్బర్లు బిగించిపో. బిగించమంటాండా, ఇన్నావా? దీన్ని గూడా వదులు చేయబాక."

చెప్పింది కాశమ్మ అవ్వ.
రాసింది నీ ముబ్బీ.